ర్యాంకు చెప్పండి, సీటు మేం చెప్తాం

ఏప్రిల్‌లో జేఈఈ మెయిన్ ఫలితాలు వచ్చింది మొదలు జూలైలో ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు పంచే జోసా కౌన్సెలింగ్ ఆఖరి రౌండు ముగిసేదాకా, మన అపార్టుమెంట్ల సెల్లార్లలోనూ పెళ్లి భోజనాల బంతుల్లోనూ పైసా ఖర్చు లేకుండా గొప్ప ప్రజాసేవ జరుగుతుంటుంది. ఎవరి పిల్లాడికి ఏ కాలేజీలో సీటొస్తుందో పక్కింటాయన తేల్చేస్తాడు. ఇంత సేవ చేస్తున్నవాళ్లకి ఇప్పటిదాకా ఒక నియమావళి లేకపోవడం విచారకరం. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు మాటలు.

మొదటగా, పర్సంటైల్‌ని పర్సంటేజీగానే తీసుకోవాలి. 98.5 అనగానే కళ్లు పెద్దవి చేసి ‘నూటికి 98 దాటాయా! ఇంకేం, ఐఐటీయే’ అనెయ్యాలి. ఆ అంకెకి అర్థం అబ్బాయికి వచ్చిన మార్కులు కాదనీ, తన షిఫ్టులో రాసినవాళ్లలో నూటికి 98.5 మంది అతనితో సమానంగానో వెనకో ఉన్నారనీ గొణిగే కుర్రాడు ఒకడుంటాడు. వాడికి ఇంకో గరిటె పులిహోర వడ్డించి పక్కకి పంపండి. లేకపోతే వాడు లెక్క కూడా చెప్పేస్తాడు. వందలోంచి పర్సంటైల్ తీసేస్తే ఒకటిన్నర. 2025లో రెండు సెషన్లూ కలిపి రాసినవాళ్లు సుమారు 14.75 లక్షలు. అందులో ఒకటిన్నర శాతమంటే 22 వేలు దాటింది, అబ్బాయి ర్యాంకు కాస్త అటూ ఇటూగా అదే. ఇంత చిన్న లెక్క అందరికీ తెలిసిపోతే రేపు మన దగ్గరికి ఎవరొస్తారు?

పైగా ఆ మెయిన్ ర్యాంకు ఎన్ఐటీలకీ ట్రిపుల్ ఐటీలకీ పనికొస్తుందిగానీ, ఐఐటీ కావాలంటే అడ్వాన్స్‌డ్ రాసి అక్కడ మరో ర్యాంకు తెచ్చుకోవాలి. సలహాదారు ఈ రెంటినీ కలిపే మాట్లాడాలి. ‘మా తోడల్లుడి కొడుక్కి పన్నెండు వేలకే ఐఐటీ వచ్చింది’ అన్నప్పుడు అది ఏ పరీక్ష ర్యాంకో, ఏ కేటగిరీదో, ఏ ఊరి ఐఐటీలో ఏ బ్రాంచో చెప్పకూడదు. ఐఐటీలు ఇరవైమూడున్నాయి. 2024లో ఐఐటీ బాంబే కంప్యూటర్ సైన్స్ ఓపెన్ సీట్లు 68వ ర్యాంకుతోనే అయిపోయాయి. తోడల్లుడి కొడుకు వెళ్లింది అక్కడికి కాదని అడగకుండానే తెలుస్తుంది, కనుక ఎవరూ అడగరు.

ఇక అసలు ప్రమాదం జోసా వెబ్‌సైటు. గత సంవత్సరాల ఓపెనింగ్, క్లోజింగ్ ర్యాంకులు, అంటే మొదటి సీటూ ఆఖరి సీటూ ఏ ర్యాంకులకి దక్కాయో, రౌండువారీగా అక్కడ ఉచితంగా పడున్నాయి. ఉచితంగా దొరికేదానికి విలువేముంది? తప్పనిసరై తెరిచినా చదివే పద్ధతొకటుంది. ఆ పట్టికలో ఏడు నిలువు వరసలుంటాయి. కాలేజీ, బ్రాంచి, కోటా, సీటు రకం, జెండర్, ఓపెనింగ్ ర్యాంకు, క్లోజింగ్ ర్యాంకు. మనం చదవాల్సింది మొదటి వరసా చివరి వరసా మాత్రమే. నడుమ ఉన్నవి కంటికి శ్రమ.

అలా చదివితే ఎంత హాయిగా ఉంటుందో చూడండి. జెండర్ వరస వదిలేస్తే, ఆడపిల్లలకి కేటాయించిన సీట్ల క్లోజింగ్ ర్యాంకు చూసి మగపిల్లాడి తండ్రి మైసూర్‌పాక్ పంచుతాడు. సీటు రకం వదిలేస్తే ఇంకా బాగుంటుంది. ఓబీసీ వరసలో 3,000 అని కనిపిస్తే అది ఓబీసీ కేటగిరీ ర్యాంకు. మనవాడు దాన్ని అన్ని కేటగిరీలకీ కలిపి ఇచ్చే కామన్ ర్యాంకుతో పోల్చుకుని, తనకి 9,000 వచ్చింది కాబట్టి ఆశ లేదని మూడు రోజులు అన్నం మానేస్తాడు. వాడి కేటగిరీ ర్యాంకు 2,500 అని అదే స్కోరుకార్డులో రెండు గళ్ల కింద ఉంటుంది. అంత కిందికి చూసే ఓపిక ఎవరికుంది! అంకె పక్కన ‘పి’ అనే అక్షరం కనిపిస్తే అది ప్రిపరేటరీ కోర్సు (సీటుకి ముందు ఏడాది పాటు చదివించే సన్నాహక కోర్సు) ర్యాంకు, దానికి లెక్కే వేరు. అచ్చుతప్పని దాటెయ్యండి.

కోటా వరస సంగతి మరీ ముచ్చట. ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లవి. అయితే సొంత రాష్ట్రమంటే తాతగారి పొలం ఉన్నచోటు కాదు, ఇంటర్ పాసైన చోటు. భీమవరం కుర్రాడు హైదరాబాద్‌లో ఇంటర్ చదివితే వరంగల్ ఎన్ఐటీకి ఇంటివాడు, తాతగారి పక్కూరు తాడేపల్లిగూడెం ఎన్ఐటీకి పరాయివాడు. ఈ మాట ఇంటర్‌లో చేర్చేటప్పుడు చెప్తే ఉపయోగపడుతుంది కనుక రెండేళ్లు ఆగి చెప్పండి. ఐఐటీల్లో అసలు రాష్ట్ర కోటాయే లేదు. ‘మన సంగారెడ్డి దగ్గరే కట్టారు, మనవాళ్లకి ఇవ్వకుండా ఎక్కడికి పోతారు’ అన్న మాటకి మాత్రం ఏటా గిరాకీ తగ్గదు.

ఆప్షన్లు పెట్టించే రోజు మీ విశ్వరూపం చూపించే అవకాశం. ‘రాని కాలేజీలు పైన పెడితే కంప్యూటర్‌కి కోపమొస్తుంది, ష్యూర్‌గా వచ్చేదే నంబర్ వన్‌లో పెట్టు’ అనాలి. పాపం కంప్యూటర్‌కి కోపతాపాలు లేవు. జాబితాని పైనుంచి చూసుకుంటూ వచ్చి, ర్యాంకుకి అందే మొదటి సీటు ఇచ్చేస్తుంది. పైన యాభై అందని ద్రాక్షలున్నా కింది సీటుకి నష్టం లేదు. మీ మాట విని ‘ష్యూర్’ కాలేజీని నెత్తిన పెట్టుకున్నవాడికి మాత్రం మొదటి రౌండులోనే అది దక్కుతుంది. ఏ కాలేజీలోనైనా మెరుగైన సీటు చూడమని ఫ్లోట్ నొక్కినా, అదే కాలేజీలో మెరుగైన బ్రాంచి చూడమని స్లైడ్ నొక్కినా మారేది జాబితాలో పైకే కదా, వాడికి పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. లాక్ చేశాక మధ్యలో జాబితా మార్చనివ్వరు కూడా.

కాగితాల విషయం క్లుప్తంగా. జోసాకి ఓబీసీ నాన్‌క్రీమీలేయర్ సర్టిఫికెట్టు కేంద్రం నమూనాలో, ఆ ఏడాది ఏప్రిల్ 1 లేదా ఆ తర్వాతి తేదీతో ఉండాలి. అందుకని మీసేవలో పోయినేడు తీసుకున్న రాష్ట్ర బీసీ సర్టిఫికెట్టుకి లామినేషన్ చేయించమని సలహా ఇవ్వండి. వెరిఫికేషన్‌లో తిరగ్గొడితే కేటగిరీ పోయి ఓపెన్‌లో పడతాడు. అప్పుడు మీరు వేసిన అంచనాలన్నీ ఓపెన్ వాళ్లకేనని చెప్పుకోవచ్చు.

కొత్తగా పెట్టిన బ్రాంచి గురించి అడిగితే తడబడకండి. దానికి పోయినేడు కటాఫ్ లేదు, ఎందుకంటే పోయినేడు ఆ బ్రాంచే లేదు. ‘పోయినసారికన్నా కాస్త పెరుగుతుంది’ అనండి. ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు.

చివరికి సీటొస్తే ‘నేను ముందే చెప్పానా?’ రాకపోతే ‘ఇంకా జోసా తర్వాత మిగిలిన సీట్లకి సీశాబ్ రౌండ్లున్నాయి, అక్కడ ర్యాంకులు బాగా సాగుతాయి.’ రెండోది ఎన్ఐటీల వరకూ నిజమే. మొత్తం నియమావళిలో మీరు పొరపాటున చెప్పే నిజం అదొక్కటే కాబట్టి దాన్ని కాస్త మెల్లగా, మజ్జిగన్నం కలుపుకుంటూ అనండి. ఈలోగా ఆ పిల్లాడి చెల్లెలు టెన్త్‌కి వచ్చిందట, ఎంపీసీయా బైపీసీయా అని అడుగుతున్నారు.