నాసా అనని మాట, బ్రిగ్స్ అన్న మాట

వాట్సాప్ గ్రూపుల్లో ఎప్పటికీ చావని సందేశం ఒకటుంది. సంస్కృత దినోత్సవం వచ్చిందంటే మళ్లీ పైకి తేలుతుంది. దాని సారం ఇది: "కంప్యూటర్‌కు అన్నిటికంటే అనువైన భాష సంస్కృతమని నాసా 1985లోనే తేల్చింది. ఆ భాషలో సందిగ్ధతకు చోటే లేదు. కృత్రిమ మేధకు కావలసిన జ్ఞాన నిర్మాణమంతా పాణిని ముందే అమర్చిపెట్టాడు. పదాలు తారుమారైనా అర్థం చెడదు కాబట్టి అంతరిక్షంలోకి సందేశాలు సంస్కృతంలోనే పంపుతున్నారు. ఆరో తరం, ఏడో తరం సూపర్ కంప్యూటర్లు సంస్కృతం మీదే నడుస్తాయి."

దీన్ని ఊసుపోని ఫార్వర్డు అని కొట్టిపారేయడానికి లేదు. 2019 ఆగస్టులో ఐఐటీ బాంబే స్నాతకోత్సవంలో అప్పటి కేంద్ర మానవ వనరుల మంత్రి రమేష్ పోఖ్రియాల్ దాదాపు ఇదే అన్నారు: మాట్లాడే కంప్యూటర్ అంటూ వస్తే అది సంస్కృతం వల్లేనని నాసా చెబుతోందట. ఇంజనీరింగ్ పట్టాలు తీసుకుంటున్న పిల్లల ముందు చెప్పిన మాట అది.

ఈ సందేశంలో ఒక నిజం ఉంది, చాలా మంచి నిజం. చుట్టూ పేర్చిన అబద్ధాల వల్ల అది ఎవరికీ కనిపించకుండా పోయింది. నా అభ్యంతరం ముఖ్యంగా అందుకే.

"నాసా 1985లోనే తేల్చింది"

రిక్ బ్రిగ్స్ అనే పరిశోధకుడు ఉన్న మాట నిజం. కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ కేంద్రంలో ఉన్న ఒక కంప్యూటర్ సైన్స్ పరిశోధన సంస్థలో పనిచేసేవాడు. 1985 వసంత సంచికలో ‘ఏఐ మ్యాగజైన్’ అతని వ్యాసం వేసింది. ఎనిమిది పేజీలు. అది నాసా నివేదికా కాదు, నిర్ణయమూ కాదు. ఉస్మానియాలో ఒక ప్రొఫెసరు పత్రికకు వ్యాసం రాస్తే దాన్ని తెలంగాణ ప్రభుత్వ ఉత్తర్వు అనుకోం కదా.

సరే, అతను ఏం రాశాడు? వాక్యం అర్థాన్ని యంత్రంలో ఎలా నిలపాలి అన్నది అప్పటికి ఇరవై ఏళ్లుగా నలుగుతున్న ప్రశ్న. 1960ల చివర్లో రాస్ క్విలియన్ అర్థజాలాలు గీశాడు: విషయాలు బిందువులు, వాటి మధ్య సంబంధాలు గీతలు. 1968లో చార్లెస్ ఫిల్‌మోర్, ప్రతి క్రియ చుట్టూ చేసేవాడు, సాధనం, చోటు వంటి పాత్రలు ఉంటాయన్నాడు. బ్రిగ్స్ ఈ పద్ధతిని తీసుకొచ్చి నాగేశభట్టు వంటి వైయాకరణుల (సంస్కృత వ్యాకరణ పండితుల) వాక్య విశ్లేషణ పక్కన పెట్టాడు. అతనిచ్చిన ఉదాహరణల్లో ఒకటి: స్నేహం కొద్దీ మైత్రుడు దేవదత్తుడి కోసం కుండలో నిప్పు మీద అన్నం వండుతున్నాడు. ఈ వాక్యాన్ని విప్పితే వండు–కర్త–మైత్రుడు, వండు–కర్మ–అన్నం, వండు–కరణం (సాధనం)–నిప్పు, వండు–అధికరణం (చోటు)–కుండ, వండు–కారణం–స్నేహం, ఇలా ముక్కలొస్తాయి. అర్థజాలంలో గీతలు కూడా సరిగ్గా ఇలాగే ఉంటాయి. కృత్రిమ మేధలో జరుగుతున్న పని చాలావరకు వేల ఏళ్ల నాటి చక్రాన్ని మళ్లీ కనిపెట్టడమేనని అతని వాదన.

ప్రోగ్రాములు సంస్కృతంలో రాయాలని అందులో లేదు. అతను పొగిడింది ముఖ్యంగా వాక్యాన్ని విప్పి చెప్పే శాస్త్ర పద్ధతిని, పండితులు దాన్నే శాబ్దబోధ అంటారు. అయితే బ్రిగ్స్ కూడా కొంచెం జోరు చూపించాడు. సహజ భాష కృత్రిమ భాషగా కూడా పనికొస్తుందని ఇది రుజువు చేస్తుందన్నాడు. ఆ వాక్యం దగ్గరే ఫార్వర్డులకు దారి దొరికింది.

"సందిగ్ధతకు చోటే లేదు"

ఈ మాట వింటే పతంజలి నవ్వుతాడు. ‘శ్వేతో ధావతి’ అనే వాక్యం ఇచ్చింది పాణిని సూత్రాల మీద అతను రాసిన మహాభాష్యమే. తెల్లనిది పరుగెడుతోంది అని ఒక అర్థం. ‘శ్వా ఇతో ధావతి’ అని విడగొడితే కుక్క ఇక్కడి నుంచి పరుగెడుతోంది అని ఇంకొకటి. సంధి కలిశాక రాతలో రెండూ ఒకటే. అదే భాష్యంలో ఇంద్రశత్రు కథ కూడా ఉంది. ఇంద్రుణ్ణి చంపేవాడు పుట్టాలని త్వష్ట యాగం చేశాడు. మంత్రంలో స్వరం తప్పడంతో తత్పురుష సమాసం బహువ్రీహి అయి, ఇంద్రుడే ఎవరిని చంపుతాడో అతడు అనే అర్థం వచ్చింది. వృత్రుడు చచ్చాడు. కంప్యూటర్‌కు మనమిచ్చే పాఠంలో ఆ స్వరం కూడా ఉండదు.

ఇక కావ్యాల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకే పద్యంలో రామాయణం, భారతం రెండూ నడిపించిన కవులు సంస్కృతంలో ఉన్నారు, తెలుగులో పింగళి సూరన ఉన్నాడు. సందిగ్ధత లేని భాషలో శ్లేష ఎలా పుడుతుంది?

ఈ సమస్య మీద నిజంగా పనిచేస్తున్నవాళ్లకు ఇది రోజువారీ తలనొప్పి. ఫ్రాన్స్‌లో జెరార్ హ్యూయె, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అంబా కులకర్ణి బృందం సంస్కృత వాక్యాన్ని యంత్రంతో విడగొట్టే సాఫ్ట్‌వేర్లు తయారుచేశారు. సంధులు, సమాసాలు ఉన్న పొడవాటి వాక్యం ఇస్తే వ్యాకరణానికి ఒప్పే విడగొట్టుళ్లు కుప్పలుగా వస్తాయి. అందులోంచి సరైనదాన్ని ఏరడమే అసలు పని.

ఇంతకీ శాబ్దబోధ అనే పద్ధతి ఎందుకు పుట్టింది? మామూలు సంస్కృత వాక్యం ఒక్కటే చాలదు కాబట్టి. వాక్యం స్వయంగా స్పష్టంగా ఉంటే దాన్ని ఇంకో పొడుగాటి వాక్యంగా విప్పి చెప్పాల్సిన పని పండితులకు ఎందుకు పడుతుంది? బ్రిగ్స్ మెచ్చుకున్న పద్ధతి ఉందంటేనే ఫార్వర్డు చెప్పే గొప్ప తప్పని అర్థం.

విప్పేటప్పుడూ వాళ్లు ఏకాభిప్రాయానికి రాలేదు. ‘చైత్రః గ్రామం గచ్ఛతి’, చైత్రుడు ఊరికి వెళ్తున్నాడు. ఇందులో ప్రధానం ఏది? వైయాకరణులు క్రియ అన్నారు: చైత్రుడు కర్తగా గల, గ్రామాన్ని చేర్చే వ్యాపారం (అంటే పని). నైయాయికులు (తర్క పండితులు) చైత్రుడే ప్రధానమన్నారు: గ్రామాన్ని చేర్చే వ్యాపారం గల చైత్రుడు. మీమాంసకులు (వేదవాక్యాల అర్థం తేల్చే పండితులు) భావన, అంటే ఫలాన్ని పుట్టించే ప్రయత్నం అన్నారు. ఒకే వాక్యానికి మూడు వేరు వేరు పటాలు. శతాబ్దాల పాటు కొట్టుకున్నారు. నా మటుకు నాకు ఈ సందేశం మొత్తంలో దాచుకోదగ్గ సంగతి ఇదే, కానీ సందేశంలో లేనిది కూడా ఇదే.

ఎందుకంటే డేటాబేస్ గీసే ప్రతివాడికీ ఇదే తగవు ఎదురవుతుంది. 1976లో పీటర్ చెన్ ఎంటిటీ–రిలేషన్‌షిప్ నమూనాను ప్రతిపాదించాడు. ప్రపంచంలో విషయాలు, వాటి మధ్య సంబంధాలు ఉంటాయి, ముందు అవి గీసుకుని తర్వాత టేబుళ్లు కట్టండి అన్నాడు. ఆ వ్యాసంలోనే ఒప్పుకున్నాడు: పెళ్లి అనేది విషయమా, సంబంధమా? కొందరికి ఇద్దరి మధ్య గీత. కొందరికి తేదీ, చోటు ఉన్న విడి విషయం. ఏది అన్నది ఆ సంస్థ అవసరాన్ని బట్టి ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయించాల్సిందే. రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి ఒక రికార్డు, దానికి నంబరు ఉంటుంది. రేషన్ కార్డులో అదే పెళ్లి ‘భార్య’ అనే ఒక్క గడి. ఇక్కడ ఏ భాషా మనకు సాయం రాదు.

"జ్ఞాన నిర్మాణమంతా పాణిని అమర్చిపెట్టాడు"

పాణిని ప్రతిభ మీద నాకు పేచీ లేదు. సుమారు 4,000 సూత్రాల్లో ఒక భాషను ఉత్పత్తి చేసే యంత్రాంగం కట్టాడు. ప్రోగ్రామింగ్ భాషల వ్యాకరణం రాసే బాకస్ పద్ధతికి పాణిని పేరు కూడా కలపాలని 1967లోనే పీటర్ ఇంగర్‌మన్ ఒక కంప్యూటర్ పత్రికకు లేఖ రాశాడు. ఇంజనీరింగ్ సిలబస్‌లో ఆ సంగతి ఉండాల్సింది.

కానీ పాణిని కారకాలు, అంటే క్రియ చుట్టూ ఉండే పాత్రలు, ఆరూ (అపాదానం, సంప్రదానం, కరణం, అధికరణం, కర్మ, కర్త) ప్రపంచాన్ని వర్ణించడానికి పెట్టినవి కావు, వాక్యాన్ని నిర్మించడానికి పెట్టినవి. ‘స్వతంత్రః కర్తా’ అన్నాడు. ఎవరు స్వతంత్రులన్నది మాట్లాడేవాడు చూపించే తీరు. కుండలో వండుతున్నాడు అంటే ‘స్థాల్యాం పచతి’, కుండ అధికరణం. కుండతో వండుతున్నాడు అంటే ‘స్థాల్యా పచతి’, అదే కుండ కరణం. ‘స్థాలీ పచతి’ అంటే కుండే వండుతోంది, ఇప్పుడది కర్త. మూడూ ఒప్పే. కారకాలు వక్త ఉద్దేశాన్ని బట్టి వస్తాయని సంప్రదాయమే చెప్పింది. వ్యాకరణానికి ఇది గొప్ప బలం. అదే ఈ మూడు వాక్యాలూ యథాతథంగా డేటాబేస్‌లోకి ఎక్కించి "ఎవరు వండారు?" అని అడిగితే ఒక సమాధానం కుండ అని వస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. పులి జాతీయ జంతువు. నెహ్రూ జూపార్కులో నిద్రపోతున్నది పులి. కాబట్టి నిద్రపోతున్నది జాతీయ జంతువు? ‘పులి ఒక జంతువు’, ‘ఇది ఒక పులి’ అన్న రెండు వాక్యాల్లో మాట ఒకలాగే ఉంటుంది, సంబంధం వేరు. మొదటిది జాతిని ఇంకో జాతిలో పెట్టడం. రెండోది ఒక వ్యక్తిని జాతిలో పెట్టడం. ఇవి కలిపేస్తే యంత్రం ఇలాంటి వెర్రి నిర్ణయాలే చేస్తుంది. 1975లో విలియం వుడ్స్ అర్థజాలాల మీద పెట్టిన పెద్ద విమర్శ ఇలాంటిదే. టెలిఫోను నుంచి నలుపుకు గీత గీశారు, సరే. అది నల్ల టెలిఫోను అనే భావనకు నిర్వచనమా, లేక ఒకానొక టెలిఫోను నల్లగా ఉందన్న వార్తా? గీతకు పేరు పెట్టినంత మాత్రాన అర్థం వచ్చి చేరదు. ఆ గీతతో యంత్రం ఏం చేయాలో ఎవరో ఒకరు కచ్చితంగా రాయాలి. ఆ తర్వాత వచ్చిన వర్ణనాత్మక తర్కాలు (డిస్క్రిప్షన్ లాజిక్స్), 2004లో వెబ్ ప్రమాణంగా వచ్చిన ఔల్ భాష, అన్నీ ఆ ‘కచ్చితంగా రాయడం’ కోసమే. వికీపీడియా తోబుట్టువైన వికీడేటా అనే డేటాబేస్‌లో జాతికీ వ్యక్తికీ ఉన్న సంబంధం పీ31, జాతికీ జాతికీ ఉన్నది పీ279. రెండు వేరు నంబర్లు. అయినా వాడేవాళ్లు తారుమారు చేస్తూనే ఉంటారు.

మన నైయాయికులకు ఈ జాతి–వ్యక్తి భేదం బాగా తెలుసు. తెలుసు కాబట్టే 14వ శతాబ్దంలో గంగేశుడి తర్వాత నవ్యన్యాయం అనే కొత్త తర్కశాఖ ‘ఘటత్వావచ్ఛిన్న’ (కుండతనం చేత పరిమితమైన) వంటి పరిభాషను విపరీతంగా పెంచింది. చదివితే తల తిరుగుతుంది, కానీ ఏ ధర్మం దేన్ని పరిమితం చేస్తోందో అందులో దాగదు. మామూలు సంస్కృతం చాలదని తేల్చి, దాని లోపలే ఒక సాంకేతిక భాష కట్టుకున్నవాళ్లు వాళ్లు. ‘సంస్కృతం సహజంగానే కంప్యూటర్ భాష’ అనడం వాళ్ల కష్టాన్ని చెరిపేయడమే.

"పదాలు తారుమారైనా అర్థం మారదు, అందుకే అంతరిక్షంలో అదే"

రాముడు రావణుణ్ణి చంపాడు. రావణుణ్ణి రాముడు చంపాడు. తెలుగులోనూ మారలేదు. విభక్తులున్న ఏ భాషలోనైనా ఇంతే, లాటిన్, రష్యన్ ఏదైనా. పైగా అంతరిక్షం నుంచి వచ్చే సంకేతంలో పదాలు చోటు మారవు, బిట్లు చెడతాయి. వాటిని సరిదిద్దడానికి గణితం ఉంది. వాయేజర్లు గోలే కోడ్, రీడ్–సాలమన్ కోడ్ వాడింది అందుకే. ఆ వాయేజర్ల మీద 1977లో పంపిన బంగారు రికార్డులో 55 భాషల పలకరింపులున్నాయి. తెలుగు ఉంది. సంస్కృతం లేదు.

"ఆరో తరం, ఏడో తరం సూపర్ కంప్యూటర్లు"

ఆరో తరానికి ఫార్వర్డు ఇచ్చిన గడువు 2025. ఏడో తరానికి 2034. సంస్కృతం మీద నడిచే యంత్రం ఎక్కడా రాలేదు. నాసా తన అంతరిక్ష నౌకల కోసం బహిరంగంగా పెట్టిన ఫ్లైట్ సాఫ్ట్‌వేర్ ఉంది, ఎవరైనా తెరిచి చూడొచ్చు. సీ భాషలో ఉంటుంది.

"మనం మాత్రం పట్టించుకోలేదు"

సందేశం చివర ఉండే ఈ నిష్ఠూరం కూడా తప్పే. బ్రిగ్స్ వ్యాసం వచ్చిన మరుసటి ఏడాదే, 1986 డిసెంబరులో, సంస్కృతంలో జ్ఞాన నిరూపణ మీద బెంగళూరులో జాతీయ సదస్సు జరిగింది. అక్షర భారతి పేరుతో వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ తదితరులు పాణినీయ పద్ధతిలో భారతీయ భాషల విశ్లేషణను కాన్పూర్‌లో మొదలుపెట్టి హైదరాబాద్‌కు తెచ్చారు. ట్రిపుల్ఐటీ హైదరాబాద్‌లో హిందీ, తెలుగు వాక్యాలకు కారక సంబంధాలు గుర్తించిన వృక్షకోశాలు (ట్రీబ్యాంకులు, అంటే విశ్లేషించి గుర్తులు పెట్టిన వాక్యాల సేకరణలు) తయారయ్యాయి. కర్తకు కే1, కర్మకు కే2, కరణానికి కే3, సంప్రదానానికి కే4 అని గుర్తులు. కూర్చుని ఒక్కో వాక్యానికి మనుషులు గుర్తులు పెట్టారు.

వాళ్లు ఆరు కారకాల దగ్గరే ఆగలేదు కూడా. ‘నాకు ఆకలేస్తోంది’ అన్నప్పుడు ‘నాకు’ ఏ కారకం? ‘కు’ ఉంది కదాని సంప్రదానం అంటే, ఎవరూ నాకు ఏమీ ఇవ్వడం లేదు. ఆకలి నాదే అయినా ‘స్వతంత్రః కర్తా’ అనడానికి నేను చేస్తున్నదీ ఏమీ లేదు. ఇలాంటి అనుభవ కర్త కోసం కే4ఏ అని కొత్త గుర్తు చేర్చుకున్నారు.