కోయిల లేని కవికి యంత్రం ఏం తక్కువ?

ఒడిశాలోని మా పర్లాకిమిడి సాహితీ మిత్రుల మధ్య ఈమధ్య ఒక తీర్మానం తిరుగుతోంది. ఉగాది కవి సమ్మేళనంలో కంప్యూటర్ చేత రాయించిన కవిత చదివితే శాలువా కప్పరాదట. పులిహోర పెట్టవచ్చా అన్న అంశం మీద మాత్రం ఏకాభిప్రాయం కుదరలేదు. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లోనే పిల్లలకు పాఠాలు చెబుతూ వాడుక భాష కోసం పోరాడారు కదా, ఆ గౌరవంతో మన తీర్మానం 'యంత్రజనిత కావ్యరచనా నిషేధ' అంటూ మొదలవుతుంది.

సంతకం పెట్టే ముందు చరిత్ర చూడాలన్నది నా పట్టు. ఈ తగువు కొత్తది కాదు. 1965 ఫిబ్రవరిలో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో గేయోర్గ్ నీస్ అనే గణితజ్ఞుడు కంప్యూటర్ చేత గీయించిన బొమ్మలు ప్రదర్శనకు పెట్టాడు. గీసింది గ్రాఫోమాట్ అనే ప్లాటర్. జర్మన్ ఇంజినీరు కొన్రాడ్ జూసే తయారుచేసిన ఆ యంత్రానికి చిల్లులు పొడిచిన కాగితం టేపు అందిస్తే పెన్నుతో గీతలు గీసేది. ప్రదర్శనకొచ్చిన చిత్రకారులకు ఒళ్లు మండింది. ఏర్పాటు చేసిన తత్వవేత్త మాక్స్ బెన్సే 'ఇది కృత్రిమ కళ లెండి' అని సర్దిచెప్పవలసి వచ్చింది. ఒకాయన మాత్రం ఊరుకోలేదు. నా కుంచె తీరు మీ యంత్రానికి వస్తుందా అని నిలదీశాడు. తప్పకుండా వస్తుంది, మీరు ఎలా వేస్తారో నాకు చెప్పండి చాలు అన్నాడు నీస్.

ఆ చిత్రకారుడికి జవాబు దొరకలేదు. మన కవులను అడిగి ఉంటే నిలబడ్డచోటే చెప్పేసేవారు. ముందు కోయిల, తర్వాత మామిడి చిగురు, మూడో చరణంలో వేపపువ్వు, ఆరు రుచులూ జీవితానికి అన్వయం, ఆఖరున 'రావమ్మా' అని కొత్త సంవత్సరానికి పిలుపు. ఇంత స్పష్టమైన ప్రోగ్రామ్ నీస్ కూడా రాయలేదు. ఆయన తన ప్రోగ్రామ్‌లో యాదృచ్ఛిక సంఖ్యలు కలిపేవాడు, గీత ఎటు తిరుగుతుందో తనకే ముందుగా తెలియకుండా. 1968 ప్రాంతంలో వేసిన 'షోటర్' అనే బొమ్మలో అడ్డంగా 12, నిలువుగా 22 చొప్పున చతురస్రాలు ఉంటాయి. పై వరుసలు బుద్ధిగా నిలబడతాయి. కిందికి వచ్చేకొద్దీ ఒక్కొక్కటీ పక్కకు ఒరిగి, జరిగి, చివరికి చెల్లాచెదురైపోతాయి. మా కవి సమ్మేళనంలో నాకు తెలిసినంత వరకు అన్నీ పై వరుసలే.

పరిశోధన అన్నాక యంత్రాన్ని కళ్లారా చూడాలి కాబట్టి బస్టాండు దగ్గరి రేడియం షాపుకు వెళ్లాను. ఆటోల మీద పేర్లు, బళ్ల మీద దేవుళ్లు అక్కడే తయారవుతాయి. 1959లో అమెరికాలో వచ్చిన కాల్‌కాంప్ 565 ప్లాటర్‌లో కాగితం డ్రమ్ము మీద ముందుకూ వెనక్కూ కదిలేది, పెన్ను అడ్డంగా జరిగేది. ఈ షాపులో ఉన్నదీ ఆ పద్ధతే, పెన్ను స్థానంలో చిన్న బ్లేడు. "బొమ్మ గీసే యంత్రమిదేనా బాబూ?" అంటే ఆ కుర్రాడు, "ఇది గీయదు మాస్టారూ, కోస్తాది" అన్నాడు. విమర్శకులకు పనికొచ్చే ఉద్యోగమన్నమాట.

ఆ పాత కాల్‌కాంప్‌కు వాస్తు సిద్ధాంతిలాగా అష్టదిక్కులే తెలుసు. అంగుళంలో నూరో వంతు చొప్పున అడుగు వేస్తూ ఆ ఎనిమిది వైపులే కదలాలి. దాని చేత చిన్న అక్షరాల్లో 'ఱ' రాయిస్తే మెట్లబావిలా వచ్చేది. గుండ్రటి లిపుల వాళ్లం కాబట్టి తెలుగు, ఒడియా వాళ్లం కలిసి బాధపడాల్సిన సంగతి ఇది. ఊళ్లో అలాంటి సంగతులు తక్కువ. ఇప్పటి యంత్రానికి ఆ బాధ లేదు. ఉదయం ఒడియాలో 'జై జగన్నాథ్', మధ్యాహ్నం తెలుగులో 'అమ్మ దీవెన', రెండూ అదే బ్లేడుతో కోసేస్తుంది. ఇది కళా కాదా అని ఎవరూ అడగలేదు. ఎంతకిస్తావని మాత్రం అందరూ అడిగారు.

హక్కుల గొడవ కూడా అప్పుడే వచ్చింది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో పనిచేసిన మైఖేల్ నోల్ తన కంప్యూటర్ బొమ్మకు కాపీరైట్ అడిగితే అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం వాళ్లు యంత్రం గీసినదానికి ఇవ్వబోమన్నారు. ప్రోగ్రామ్ రాసింది మనిషే కదా అని ఆయన వివరించాక, యాదృచ్ఛిక సంఖ్యల దగ్గర మళ్లీ ఆగారు. ఆ సంఖ్యలనూ మనిషి రాసిన లెక్కే పుట్టిస్తుందని చెప్పాక దిగివచ్చారు. 'ఓ కోయిలా' అన్న పంక్తికి మన జిల్లాలో కాపీరైట్ దరఖాస్తులు పిలిస్తే క్యూ మహేంద్రతనయ నది దాటి పాతపట్నం దాకా పోతుంది.

ఇదే నోల్ మరో పని చేశాడు. డచ్ చిత్రకారుడు మోండ్రియాన్ గీతల చిత్రాన్నీ, దాని పోకడలో కంప్యూటర్ వేసినదాన్నీ పక్కపక్కన పెట్టి 100 మందికి చూపించాడు. 59 మందికి కంప్యూటర్‌దే నచ్చింది. ఏది యంత్రానిదో సరిగ్గా చెప్పినవాళ్లు 28 మంది.

నేనూ అదే ప్రతిపాదించాను. కవితలన్నీ పేర్లు తీసేసి కలిపేద్దాం, యంత్రానిదేదో సభికులే తేలుస్తారు అని. కార్యవర్గం గంభీరంగా చర్చించి వచ్చే సమావేశానికి వాయిదా వేసింది. యంత్రం దొరికిపోతే అధ్యక్షుల వారికి అభ్యంతరమేమీ లేదు. మన కవుల్లో ఒకరిని యంత్రమని జనం పట్టేసుకుంటే వాళ్లింట్లో వాళ్లకు ఎవరు చెప్పాలన్నదే ఆయన బెంగ.