గుట్టు మనిషి

మా మూడో అంతస్తు బాబాయిగారంత గుట్టు మనిషిని నేనెక్కడా చూడలేదు. 2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి సర్వే జరిగినప్పుడు, 75 ప్రశ్నల ఫారం పట్టుకుని మెట్లెక్కి వచ్చిన టీచరమ్మను గ్రిల్ తలుపు అవతలే నిలబెట్టేశారు.

"ఫ్రిజ్ ఉందా, కారుందా అని మీకెందుకమ్మా? ప్రైవసీ మా ప్రాథమిక హక్కు. 2017లో సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు కూర్చుని ఒక్క మాట మీద చెప్పారు, తెలుసా?"

తీర్పు సంగతి నిజమే. పాపం ఆవిడకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఇస్తే ఇంట్లో ఏ ఫిల్టరుందో బయటపడిపోదూ!

ఆ సాయంత్రమే ఫేస్‌బుక్‌లో ఆయన కొత్త కారు దర్శనమిచ్చింది. నంబరు ప్లేటుకు పసుపూ కుంకుమా, చక్రాల కింద నిమ్మకాయలు. దిష్టి తగలకూడదని. పోస్టు మాత్రం పబ్లిక్. వెనకాలే మనవడి ఫొటో, మెడలో స్కూలు ఐడీ కార్డుతో. జూమ్ చేస్తే బస్సు రూటు నంబరు కూడా కనబడుతుంది. నేను చేశాను కాబట్టే చెబుతున్నా.

దొంగల విషయంలో ఆయన దయాగుణం మరీ గొప్పది. వెనకటి రోజుల్లో పాపం వాళ్లు పగలంతా పాత సామాన్లు కొంటామంటూ వీధులన్నీ తిరిగితే తప్ప ఏ ఇంటికి తాళముందో తెలిసేది కాదు. ఇప్పుడా కాళ్లనొప్పులు లేవు. ఊరెళ్లే సంగతి సోషల్ మీడియాలో పెట్టకండని సంక్రాంతికి పోలీసులు నెత్తీనోరూ కొట్టుకుంటారు కదా, ఆ హెచ్చరికను బాబాయిగారు బాధ్యతగా షేర్ చేశారు. పంతంగి టోల్‌గేట్ దగ్గర నుంచి, లొకేషన్‌తో సహా, కుటుంబమంతా కారులో ఉన్న సెల్ఫీ జోడించి.

'పూర్వజన్మలో మీరెవరు?' అనే క్విజ్ ఆడితే ఆయనకు శ్రీకృష్ణదేవరాయలని వచ్చింది. ఇలాంటి క్విజ్‌లతో ఏం పోతుందంటారా? ఒక క్విజ్ యాప్ లాగిన జనాల వివరాలు కేంబ్రిడ్జ్ అనలిటికా అనే ఎన్నికల ప్రచార కంపెనీకి చేరాయన్న గొడవ 2018లో బయటపడ్డాక ఫేస్‌బుక్ వాళ్లే ఒక లెక్క చెప్పారు. మన దేశంలో ఆ క్విజ్ యాప్ వేసుకున్నది 335 మంది. వివరాలు బయటికి పోయి ఉండొచ్చన్నవాళ్లు 5 లక్షల 62 వేల పైచిలుకు. ఆడినవాళ్లకు స్నేహితులవడమే మిగతావాళ్లు చేసిన పాపం. ఆ గొడవకు ముందే ఆ దారి మూసేశారంటారు గానీ, నాకింకా గుబులుగానే ఉంటుంది. రాయలవారి ఫ్రెండ్స్ లిస్టులో నేనూ ఒక సామంతుణ్ణి.

నిన్న లిఫ్టులో మేమిద్దరమే ఉన్నాం. అయినా బాబాయిగారు అటూ ఇటూ చూసి, చెవి దగ్గరికి వంగారు.

"నీకొక్కడికే చెబుతున్నా, ఎవరితోనూ అనకు. అమ్మాయికి సంబంధం కుదిరింది."

సోమవారమే స్టేటస్‌లో చూశాను. అబ్బాయి ప్యాకేజీతో సహా. అయినా పెద్దాయన కదా, కళ్లు పెద్దవి చేసి, "అలాగా బాబాయిగారూ!" అన్నాను.