హెచ్ ప్లస్ దగ్గర బాణం మొదలుపెట్టించకండి

నిన్న సాయంత్రం మా పక్క ఫ్లాట్ అమ్మాయి కెమిస్ట్రీ నోట్సు పట్టుకుని వచ్చింది. ఇంటర్ సెకండియర్ చదువుతోంది. ఇథనాల్ డీహైడ్రేషన్ (నీటిని తీసేయడం) మెకానిజం, అంటే రియాక్షన్ ఒక్కో అడుగూ ఎలా జరుగుతుందో వంపు బాణాలతో చూపించేది, రాసుకుంది. గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్, 443 కెల్విన్, చివర ఇథీన్, అన్నీ ఉన్నాయి. చేతిరాత ముత్యాల్లా ఉంది. కానీ మొదటి స్టెప్పులోనే బాణం హెచ్ ప్లస్ దగ్గర మొదలై ఆక్సిజన్ మీదికి వెళ్లింది.

"ఇక్కణ్ణుంచి ఎందుకు మొదలుపెట్టావమ్మా?" అని అడిగాను.

"బోర్డు మీద అలాగే వేశారు ఆంటీ. వెళ్లి అతుక్కునేది హెచ్ ప్లస్సే కదా" అంది.

నాకు చాలా కోపం వచ్చింది. ఆ పిల్ల మీద కాదు. ఉప్పల్‌లో ఇంటి దగ్గర ట్యూషన్ చెప్తూ ఇదే బాణాన్ని ఎన్ని నోట్సుల్లో చూశానో లెక్కలేదు. నేర్పాల్సినవాళ్లే తప్పు గీసి చూపిస్తుంటే పిల్లలు ఏం చేస్తారు?

ఆ వంపు బాణం ఎలక్ట్రాన్ల జంట ఎటు కదిలిందో చెప్తుంది. పరమాణువు ఎటు వెళ్లిందో చెప్పదు. బాణం తోక ఉన్నచోట ఎలక్ట్రాన్లు ఉండి తీరాలి, అది లోన్ పెయిర్ (బాండ్‌లో లేని ఎలక్ట్రాన్ల జంట) అయినా, బాండ్ అయినా. హైడ్రోజన్‌కు ఉన్నదే ఒక్క ఎలక్ట్రాన్, అది పోయాకే హెచ్ ప్లస్ అయింది. ఇక దాని దగ్గర ఇవ్వడానికి ఏముంది? ఇచ్చేది ఇథనాల్‌లోని ఆక్సిజన్. దాని మీద రెండు లోన్ పెయిర్లు ఉన్నాయి. బాణం అక్కడ బయలుదేరి హైడ్రోజన్ దగ్గర ఆగాలి.

ఈ తప్పు ఎందుకు ఇంత మొండిగా పట్టుకుంటుందో నాకు అర్థమవుతుంది. 1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీ ఎవరికి వారు చెప్పిన నిర్వచనం పిల్లల నోట్లో ముందే నానిపోతుంది: యాసిడ్ ప్రోటాన్ (అంటే హెచ్ ప్లస్) ఇస్తుంది, బేస్ పుచ్చుకుంటుంది. ఇచ్చేది యాసిడ్ అన్నాక పెన్సిల్ దాని దగ్గరే మొదలవుతుంది. ఎలక్ట్రాన్ల వైపు నుంచి చూస్తే లెక్క తిరగబడుతుంది. ఇచ్చేది బేస్, పుచ్చుకునేది యాసిడ్. అదే 1923లో లూయిస్ చెప్పింది ఇదే. రెండు మాటలూ నిజమే, ఒకటి ప్రోటాన్ లెక్క, రెండోది ఎలక్ట్రాన్ లెక్క. బాణానికి కావాల్సింది రెండోది. ఈ ఒక్క ముక్క చెప్పడానికి క్లాసులో పది నిమిషాలు పట్టదు. చెప్పరు. ఆప్షన్లలో టిక్ పెట్టే పరీక్షలో బాణం గీయమని అడగరు కాబట్టి, సిలబస్ అయిపోవాలన్న టెన్షన్‌లో ముందు దీన్నే వదిలేస్తారు.

ఇంకో తప్పు, ఎసిటిక్ యాసిడ్, హైడ్రాక్సైడ్ దగ్గర. హైడ్రాక్సైడ్ ఆక్సిజన్ నుంచి హైడ్రోజన్‌కు బాణం సరిగ్గానే వేస్తారు, అక్కడితో ఆపేస్తారు. అప్పుడు హైడ్రోజన్‌కు రెండు బాండ్లు, నాలుగు ఎలక్ట్రాన్లు అవుతాయి. అది రెండు ఎలక్ట్రాన్లకు మించి పట్టలేదు. కాబట్టి రెండో బాణం తప్పదు: యాసిడ్‌లోని ఓ-హెచ్ బాండ్ నుంచి ఆ ఆక్సిజన్ మీదికే. ఎడమవైపు మొత్తం చార్జి మైనస్ ఒకటి ఉంటే కుడివైపూ అంతే రావాలి. నేను ప్రతిసారీ చార్జి కూడించి చూపించమంటాను. తప్పు బాణం అక్కడ దొరికిపోతుంది.

బాణం సరిగ్గా గీసినంత మాత్రాన రియాక్షన్ ముందుకు పోతుందని కాదు, అది పీకేఏ చెప్పాలి. యాసిడ్ బలం తెలిపే అంకె అది, ఎంత తక్కువైతే యాసిడ్ అంత బలమైనది. బెంజోయిక్ యాసిడ్ 4.2, ఫినాల్ 10, మధ్యలో కార్బోనిక్ యాసిడ్ సుమారు 6.4. అందుకే బైకార్బొనేట్‌లో (కార్బోనిక్ యాసిడ్ ప్రోటాన్ ఇచ్చేశాక మిగిలేది) బెంజోయిక్ యాసిడ్ బుసబుస పొంగుతుంది, ఫినాల్ పొంగదు.

పరీక్షలకు అవసరం లేదు కదా అనేవాళ్లకు ఒక మాట. నేను కొన్నేళ్లు జీడిమెట్లలో బల్క్ డ్రగ్ కంపెనీలో పనిచేశాను. ఈ ఊళ్లో కెమిస్ట్రీ చదివిన పిల్లల్లో ఎంతోమంది చివరికి చేరేది అలాంటి చోటికే. అక్కడ సాల్ట్ తయారీ అంటే యాసిడ్-బేస్ రియాక్షనే. మన ఇళ్లలో పెద్దవాళ్లు బీపీకి వేసుకునే ఆమ్లోడిపిన్ బెసిలేట్ తీసుకోండి. అందులో రెండు నైట్రోజన్లు ఉన్నాయి. బెంజీన్ సల్ఫోనిక్ యాసిడ్ నుంచి ప్రోటాన్ తీసుకునేది ఏది? గొలుసు చివర ఉన్న ఎన్‌హెచ్2 నైట్రోజన్. రింగులో ఉన్న దాని లోన్ పెయిర్ పక్కనున్న డబుల్ బాండ్లతో, ఎస్టర్లతో కలిసిపోయి ఉంటుంది, ప్రోటాన్‌కు అంత తేలిగ్గా దొరకదు. బాణం తోక ఎక్కడ పెట్టాలో చిన్నప్పుడే నేర్చుకున్నవాళ్లకు ఇది చూడగానే తడుతుంది. హెచ్ ప్లస్ నుంచి బాణం గీసే అలవాటున్నవాళ్లు రెండు నైట్రోజన్లలో ఏదని అడిగితే దిక్కులు చూస్తారు, ఎందుకంటే లోన్ పెయిర్ కోసం వాళ్లు ఎప్పుడూ వెతకలేదు.

లెక్చరర్లూ, దయచేసి మొదటి వారం వేరే రియాక్షన్ ఏదీ మొదలుపెట్టకండి. ఒట్టి యాసిడ్-బేస్ బాణాలే గీయించండి, లోన్ పెయిర్ చుక్కలు పెట్టి మరీ.

ఆ అమ్మాయితో నిన్న మళ్లీ మొదటి నుంచి గీయించాను. ఆక్సిజన్ లోన్ పెయిర్ నుంచి ప్రోటాన్‌కు. తర్వాత కార్బన్-ఆక్సిజన్ బాండ్ నుంచి ఆక్సిజన్ మీదికి, నీరు విడిపోయింది. మూడో స్టెప్పులో నీటి ఆక్సిజన్ నుంచి పక్క కార్బన్ మీది హైడ్రోజన్‌కు ఒకటి, ఆ సి-హెచ్ బాండ్ నుంచి రెండు కార్బన్ల మధ్యకు ఇంకొకటి. ఇథీన్ వచ్చేసింది. పెన్సిల్ పక్కన పెట్టి కాసేపు చూసి, "ఆంటీ, ఆ హైడ్రోజన్‌ను నీళ్లే తీయాలా? సల్ఫ్యూరిక్ యాసిడ్ ప్రోటాన్ ఇచ్చాక మిగిలిన బైసల్ఫేట్‌కూ లోన్ పెయిర్లు ఉన్నాయి కదా, అది తీయకూడదా?" అని అడిగింది.

తీయొచ్చమ్మా అన్నాను. వెంటనే పక్కనే దాన్నీ గీసింది.