లక్షణాలు తేలనప్పుడు మందు ఎంచడానికి తొందరెందుకు?

"ఒంట్లో ఏమీ బాగుండటం లేదు. ఇదీ అని చెప్పలేను." ఇలా మాట మొదలుపెట్టే రోగి ఏ వైద్యుడికైనా పరిచితుడే. నీరసం, ఆకలి మందగించడం, నిద్ర సరిగా పట్టకపోవడం, అప్పుడప్పుడు తలనొప్పి, దేనిమీదా మనసు నిలవకపోవడం. లక్షణాల పోలికనే ఆధారం చేసుకుని మందు ఎంచే హోమియోపతికి ఇంతకంటే గడ్డు పరీక్ష లేదు.

కదిలితే నొప్పి ఎక్కువవుతోందని, దాహం తట్టుకోలేక ఒకేసారి బోలెడన్ని నీళ్లు తాగుతున్నానని రోగి చెబితే హోమియో లెక్కలో అది బ్రయోనియా. లేవగానే పట్టేసిన కీళ్లు నడిచేకొద్దీ సడలితే రస్ టాక్స్. ఆ పద్ధతిని ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, పోల్చి చూడటానికి అక్కడ ఏదో ఒకటి ఉంది. 'నీరసం' అన్న ఒక్క మాట పట్టుకుని, ఏ లక్షణానికి ఏయే మందులో చూపే కెంట్ రెపర్టరీ తెరిస్తే మాత్రం వందకు పైగా మందులు బారులు తీరుతాయి. ఆకలి లేదు, నిద్ర లేదు అని మరో రెండు లక్షణాలు కలిపితే జాబితా కుదించుకుపోతుంది. అయినా చివరికి పైకి తేలేవి సల్ఫర్, నక్స్ వామికా, లైకోపోడియం, పల్సటిల్లా వంటివే. పుస్తకాల్లో వాటి కింద నమోదైన లక్షణాలే అత్యధికం కాబట్టి ఎటు నుంచి వెతికినా అవే ఎదురవుతాయి. కంప్యూటర్ రెపర్టరీ ఇదే పని చేసి మార్కులు కూడా వేస్తుంది. అంకెలు కనబడేసరికి అంచనా కాస్తా నిర్ణయంలా అనిపిస్తుంది.

ఈ చిక్కు హోమియోపతిని స్థాపించిన హానిమన్‌కు తెలియనిది కాదు. 1810లో తొలిసారి వెలువడిన తన మూలగ్రంథం ఆర్గనాన్‌లో ఆయన దీని గురించి సూటిగానే రాశారు. మందు ఎంచేటప్పుడు చూడవలసింది అరుదైన, విచిత్రమైన, ఆ రోగికే ప్రత్యేకమైన లక్షణాలని 153వ సూత్రం చెబుతుంది. ఆకలి లేకపోవడం, తలనొప్పి, నీరసం, కలత నిద్ర లాంటివి దాదాపు ప్రతి జబ్బులోనూ, ప్రతి మందు కిందా కనిపిస్తాయి కనుక, మరింత వివరం తెలిస్తే తప్ప వాటిని పెద్దగా పట్టించుకోనక్కర్లేదని అక్కడే ఉంది. అంటే అస్పష్టమైన లక్షణాల మీద మందు రాసేవారు ఆధునిక వైద్యం మాట అటుంచి, తాము అనుసరిస్తున్న గ్రంథాన్నే దాటి వెళుతున్నారు.

అదే గ్రంథం 172వ సూత్రం నుంచి లక్షణాలు మరీ తక్కువగా ఉన్న వ్యాధుల గురించి చెబుతూ ఒక దారి చూపింది. దొరికినంతలో దగ్గరగా ఉన్న మందు ఇవ్వాలి, ఆ తర్వాత కొత్తగా బయటపడే లక్షణాలను చేర్చుకుని రెండో మందు ఎంచాలి. నాకు గట్టి అభ్యంతరం ఉన్నది ఇక్కడే. మందు వేసుకున్నాక కనిపించిన కొత్త లక్షణం జబ్బు ముదిరినందువల్ల కావచ్చు, రోజుల తేడావల్ల కావచ్చు, ఒంటిని నిశితంగా గమనించుకోవడం మొదలైనందువల్లా కావచ్చు. ఏది ఏమిటో విడదీసే ఉపాయం ఈ పద్ధతిలో లేదు. తగ్గితే మందు పనిచేసినట్టు, పెరిగితే ఎగ్రవేషన్ (మందు పనిచేస్తూ లక్షణాలను కొంతకాలం పెంచడం), ఏ మార్పూ లేకపోతే పొటెన్సీ (మందును పలుచన చేసిన స్థాయి) మార్చాలి. తప్పు పట్టుబడే వీలే లేని చోట నెలలు గడిచిపోతాయి, రోగి మాత్రం ఉన్నచోటే ఉంటారు.

ప్రశ్నలు అడిగే తీరూ చెడుతుంది. అవును, కాదు అని మాత్రమే జవాబు వచ్చేలా ప్రశ్న వేయకూడదని 87వ సూత్రం హెచ్చరించింది. ఎంతకీ ప్రత్యేక లక్షణం దొరకనప్పుడు వైద్యుడికి ఆ నిగ్రహం నిలవడం కష్టం. "చల్లగాలిలో కాస్త హాయిగా ఉంటుంది కదూ?" అని అడిగితే అలసిపోయిన మనిషి ఔననే అంటారు. పల్సటిల్లాకు ఒక ఆధారం దొరికిపోతుంది. "రోజులో ఎప్పుడు ఎలా ఉంటుంది?" అని అడిగి ఊరుకుంటే వచ్చే జవాబు వేరు.

ఎంతో అపురూపంగా దొరికిన విచిత్ర లక్షణం కూడా దారి తప్పించవచ్చు. నీరసంతో వచ్చిన ఒకామె, నాలుగైదు ప్రశ్నల తర్వాత, సుద్ద, మట్టి తినాలనిపిస్తోందని సిగ్గుపడుతూ చెప్పిందనుకుందాం. హోమియో వైద్యుడికి వెంటనే అల్యూమినా, కాల్కేరియా గుర్తుకొస్తాయి. అయితే తిండి కాని వస్తువుల మీద ఈ యావ ఇనుము లోపానికి బాగా తెలిసిన గుర్తు. హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ చూస్తే సంగతి తేలుతుంది. అదే లోపం వయసు మళ్లిన వారిలో కనిపిస్తే పేగులో తెలియకుండా రక్తం పోతోందేమో, దాని వెనుక క్యాన్సర్ ఉందేమో చూడాలి. చలికి తట్టుకోలేకపోవడం, బరువు పెరగడం, మలబద్ధకం, మందకొడితనం కలిస్తే కాల్కేరియా కార్బ్ మందుకు పుస్తకాల్లో గీసిన లక్షణాల చిత్రం చక్కగా కుదురుతుంది. థైరాయిడ్ మందగించినప్పుడు కనిపించేదీ అచ్చం ఇదే. థైరాయిడ్ పనితీరును చెప్పే టీఎస్‌హెచ్ పరీక్షకు ఒక్క రక్త నమూనా చాలు. పుస్తకంలోని చిత్రానికి రోగి ఎంత బాగా సరిపోతే అంత తృప్తి కలుగుతుంది, ఆ తృప్తితోనే వెతుకులాట ఆగిపోతుంది. నన్ను భయపెట్టేది అదే.

ఇక మందు సంగతి. 12సి, అంటే వందో వంతు చొప్పున పన్నెండుసార్లు పలుచన చేయడం, దాటాక మూలపదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు ఉండదు. ఏ ఒక్క జబ్బుకైనా హోమియోపతి పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి 2015లో తేల్చింది. అయినా రోగులు మేలు కలిగిందంటారు, వారు అబద్ధం చెప్పడం లేదు. 2011లో బ్రిటన్‌లో ప్రచురితమైన ఒక పరిశోధనలో రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగులను పరిశీలించారు. కనిపించిన మేలు హోమియో వైద్యుడితో జరిగిన సంప్రదింపుల వల్ల కలిగిందని, మందువల్ల కాదని తేలింది. తీరిగ్గా కూర్చుని, మాట మధ్యలో తుంచకుండా వినే మనిషి దొరకడం రోగికి చిన్న విషయం కాదు. హడావిడి ఆసుపత్రులు ఎక్కువగా పోగొట్టుకున్నది ఆ ఓపికనే.

అందుకే ఆ ఓపిక మాత్రల సీసా దగ్గర ముగిసిపోవడం నాకు బాధగా ఉంటుంది. గంటసేపు విన్న మనిషి దగ్గర ఏ వైద్యుడికైనా పనికొచ్చే సమాచారం ఉంటుంది. అలసట ఎప్పుడు మొదలైంది, ప్రయత్నించకుండానే బరువు తగ్గిందా, రాత్రుళ్లు బట్టలు తడిసేలా చెమట పడుతోందా, జ్వరం విడవకుండా వస్తోందా, దాహం పెరిగిందా, బతుకు మీద ఆశ సన్నగిల్లిందా. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రెపర్టరీ మూసేసి, విన్నదంతా ఒక కాగితం మీద రాసి, ఆ రోజే ఫిజీషియన్ దగ్గరికి పంపాలి. ఏవీ లేకపోయినా రక్త పరీక్ష, థైరాయిడ్, చక్కెర చూపించిన తర్వాతే మిగతా మాట. రెండు వారాల పాటు నిద్ర, తిండి, అలసట రాసుకుని రమ్మంటే అప్పటిదాకా తేలనిది చాలాసార్లు తేలుతుంది. అప్పటికీ రోగి హోమియో మందే కావాలంటే, సీసా చేతికిచ్చే ముందే ఒక తేదీ వేసి, ఆ రోజుకు ఏ మార్పు కనిపించకపోతే మందు ఆపేస్తామో ఇద్దరూ కలిసి రాసుకోవాలి.