కరవని కుక్కకు ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ డాగ్ క్లచ్ గారికి,

తాడేపల్లి ఒడ్డు నుంచి ఒక పడవ ఓనరు రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు క్షేమంగా లేరని మొన్ననే తెలిసింది, అదీ కృష్ణ నడిమధ్యలో.

ఇంత మర్యాద చాలు, ఇక నువ్వనే అంటాను. నాలుగేళ్లుగా నా 15 హార్స్ పవర్ ఇంజిను అడుగున, నీళ్లలో మునిగిన గేర్ బాక్సులో కూర్చున్నావు. నువ్వొకడివి ఉన్నావన్న సంగతే నాకు తెలీదు, పేరు కూడా మెకానిక్ చెబితేనే విన్నా. చూడబోతే అరచేతిలో పట్టే ఇనప ముక్కవి, రెండు వైపులా పళ్లు. నీకు అటొకటి ఇటొకటి గేర్లు, ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి, ఇంజిను నడుస్తున్నంతసేపూ రెండూ ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతూనే ఉంటాయి. నేను లీవరు తోస్తే నువ్వు పక్కకి జరిగి ముందు గేరును పళ్లతో కరిచి పట్టుకోవాలి, అప్పుడే నీళ్లలోని ఫ్యాను (ప్రొపెల్లర్) తిరిగి పడవ కదులుతుంది. నీ ఉద్యోగం మొత్తం అదే. కరవడం.

నువ్వు మొరిగావు. కార్తీకమాసమని అత్తగారిని, మామగారిని, రెండు డబ్బాల పులిహోరని ఎక్కించుకుని భవానీ ద్వీపం వైపు బయల్దేరితే, ముందు గర్రుమన్నావు, తర్వాత నేను రేజ్ చేయగానే టక్కున వదిలేశావు. ఇంజిను అరుస్తోంది, పడవ మాత్రం నీళ్లు ఎటు లాగితే అటు పోతోంది, అంటే ప్రకాశం బరాజ్ వైపు. వరసగా 70 గేట్లు. 2024 సెప్టెంబరు వరదలో పడవలు కొట్టుకొచ్చి ఆ గేట్లను గుద్దిన వీడియోలు మా మామగారు ఫోన్లో కనీసం వందసార్లు చూసుంటారు, ఆ రోజు ఆ విషయం ఆయన ఎత్తలేదు, ఎత్తకపోవడమే ఇంకా టెన్షన్. అత్తగారు ఇంద్రకీలాద్రి వైపు తిరిగి కళ్లు మూసుకున్నారు. నేనూ మా బావమరిదీ తెడ్లు వేసి ఒడ్డుకి చేరేసరికి చేతులు బొబ్బలెక్కాయి. మొరిగే కుక్క కరవదంటే ఏంటో అర్థమైంది, కరవని కుక్క కూడా మనుషుల్ని చంపగలదని మాత్రం ఎవరూ చెప్పలేదు.

నీ మూలాన ఎంతమందిని అనుమానించానో విను. మొదట ఫ్యాను మధ్యలో ఉండే రబ్బరు బుష్షుని. అది జారినా ఇంజిను అరుస్తుంది, పడవ కదలదు. మా ఆవిడ నెయిల్ పాలిష్‌తో బుష్షు మీద నుంచి ఫ్యాను మీదికి ఒక గీత గీసి, ఒడ్డునే కాసేపు నడిపి తీసి చూస్తే గీత చెక్కుచెదరలేదు. (నెయిల్ పాలిష్ సీసా ఖాళీ అయిందని ఇంట్లో వేరే కేసు నడుస్తోంది.) తర్వాత లీవరు నుంచి ఇంజినుకి వెళ్లే గేరు కేబుల్‌ని. ఇంజిను ఆపి, దాని దగ్గర కేబుల్ ఊడదీసి, బావమరిది ఫ్యానుని చేత్తో తిప్పుతుంటే నేను గేరు మార్చి చూశా, వెన్నలా పడింది. ఊడిన కేబుల్‌తో లీవరు లాగితే మాత్రం రాయిలా ఉంది. లోపలంతా తుప్పు. దొంగ దొరికాడనుకుని కొత్త కేబుల్ వేయించి, లీవరూ ఇంజినూ రెండూ న్యూట్రల్‌లో ఉండగా కొలత సరిచేయించా. రెండు రోజులు హాయిగా నడిచి, మూడో రోజు మళ్లీ టక్.

అప్పుడు ఇంజినుని ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లా, మెకానిక్. ఆయన ముందు గేర్ బాక్సు కింది స్క్రూ విప్పి ఆయిల్ వంచాడు. పాలెక్కువైన టీ రంగు. ఫ్యాను వెనక గేలపు దారం చుట్టుకుని సీలు తెగిందట, నీళ్లు లోపలికొచ్చాయి. స్క్రూ చివర అయస్కాంతానికి ఇనప రజను మీసంలా వేలాడుతోంది.

"బాబూ, గేరు ఎలా వేస్తావు?"

"మెల్లగా బాబాయ్, దెబ్బ తగలకుండా."

"అదే దెబ్బ."

బాక్సు విప్పి నిన్ను నా చేతిలో పెట్టాడు. పళ్ల మూలలు అరిగి బోసినోరులా గుండ్రంగా అయిపోయాయి. మెల్లగా తోసినప్పుడల్లా, తుప్పు కేబుల్ సగం దూరమే నెట్టినప్పుడల్లా, నీ పళ్లు తిరిగే గేరు అంచుల మీద రాసుకుంటూ పోయాయి. ఇంజిను ఊరికే ఆగిపోతోందని ఐడిలింగు (రేజ్ చేయనప్పుడు ఇంజిను తిరిగే వేగం) పెంచింది కూడా నేనే, అంటే ఆ రాపిడి ఇంకా వేగంగా. నాలుగేళ్లు నిన్ను ముద్దుగా చూసుకుంటున్నాననుకున్నా!

నీ బదులు కొత్తదాన్ని, దానికి జోడీగా ముందు గేరునీ వేయించా. అరిగిన గేరు పక్కన కొత్త పళ్లు నిలవవన్నాడు, జేబు ఏడ్చినా మాట నిజమే. సీళ్లు మార్చి, ఆయిల్ కింది రంధ్రంలోంచి పై రంధ్రంలో కారేదాకా ఎక్కించాడు, గాలి లోపల ఉండిపోకూడదని. ఐడిలింగు తగ్గించాడు. ఇప్పుడు లీవరు ఒక్క తోపుకి టక్కున పడుతోంది, ఆ చప్పుడుకి మొదట నాలుగుసార్లు నేనే ఉలిక్కిపడ్డా.

నువ్వు మా ఇంట్లో కరెంటు బిల్లుల మీద బరువుగా కూర్చున్నావు. గాలికి ఒక్క కాగితమూ ఎగరడం లేదు. నీ కొత్త తమ్ముడికి మాత్రం జాగ్రత్త చెప్పు, ఆదివారాలు పడవ నడిపేది మా బావమరిది. వాడింకా మెల్లగానే వేస్తున్నాడు.

ఇట్లు,
బొబ్బల చేతులవాడు