జనవరి 26న పిల్లర్ల సంగతి

రిపబ్లిక్ డే అంటే దేశానికంతా జెండా పండుగ. గుజరాత్‌లోని కచ్ ప్రజలకు అదే రోజు సంవత్సరీకం కూడా. 2001లో ఆ ఉదయం 8.46కు భూమి కంపించినప్పుడు అంజార్ పట్టణంలో బడిపిల్లలు జెండాలు పట్టుకుని ఇరుకు సందుల్లో ఊరేగింపుగా వెళుతున్నారు. రెండు పక్కల ఇళ్లూ వారి మీదే కూలాయి. 185 మంది పిల్లలు, 20 మంది ఉపాధ్యాయులు ప్రాణాలు కోల్పోయారు. 2022లో వారి పేరిట స్మారకం వెలిసింది. భుజ్‌లో స్మృతివనం కూడా ఆ ఏడాదే తెరుచుకుంది. సంతోషమే. అయితే ఇదే అంజార్ 1956 జులైలో వచ్చిన భూకంపంలోనూ వందమందికి పైగా పోగొట్టుకున్న ఊరు. నలభై ఐదేళ్ల తర్వాత కూడా పిల్లలు నడిచింది ఇరుకు సందుల్లోనే.

ఆ రోజు భూకంప కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లోనూ అపార్టుమెంట్లు నేలమట్టమయ్యాయి. వాటిలో చాలావాటికి కింద గోడల్లేవు, కార్ల కోసం వదిలేసిన పిల్లర్లే. పై అంతస్తులను గోడలు బిగించి పట్టుకుంటాయి, ఊపంతా కింది పిల్లర్ల మీద పడుతుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఏ వీధికి వెళ్లినా కనబడే కట్టడం ఇదే కదా!

మనది గట్టి నేల అన్న ధీమా 1993లో మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి భూకంపంతోనే పోవాల్సింది. భద్రాచలం ప్రాంతం 1969లోనే 5.7 తీవ్రతతో కంపించింది. 2024 డిసెంబరు 4న ములుగులో 5.3 నమోదైతే హైదరాబాద్ దాకా తెలిసింది. సీసీ కెమెరా దృశ్యాలు ఫోన్లలో తిరిగాయి, అంతటితో సరి.

మేమడిగేది చిన్న పని. పిల్లర్‌లో నిలువు కడ్డీలను చుట్టి పట్టుకునేవి రింగులు. వాటి కొనలు లోపలికి, 135 డిగ్రీల కోణంలో వంగి ఉండాలని నిబంధన. తొంభై దగ్గర ఆపేస్తే గట్టి ఊపుకు విచ్చుకుంటాయి. కాంక్రీటు పోశాక ఏ అధికారికీ అవి కనబడవు. కాబట్టి మున్సిపాలిటీ ఇంజినీరు పోయకముందే వచ్చి చూసి సంతకం పెట్టాలి.

ఇప్పటికే కట్టినవాటికీ దారి ఉంది. నిపుణుల లెక్క ప్రకారం కొన్ని పిల్లర్ల మధ్య కాంక్రీటు గోడ లేపవచ్చు, పిల్లర్లకు తొడుగు వేసి బలపరచవచ్చు. రంగులకూ లిఫ్టుకూ చందాలు వేసుకునే అపార్టుమెంటు సంఘాలకు ఇది మోయలేని ఆలోచన కాదు. కాకపోతే గోడ లేస్తే ఒకటి రెండు కార్ల చోటు పోతుంది. ఎవరి కారు అన్న దగ్గరే సమావేశం ఆగిపోతుంది. ఆ పేచీ తేల్చే అధికారం, కొంత ఖర్చు భరించే బాధ్యత రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ పురపాలక శాఖలకు అప్పగించాలి.